వంగతోటలో పురుగుకు దారిచ్చిందెవరు?

ఆకు మీది నూగు, కొమ్మలోని బెండు, కాయలోని కనరు, సముద్రం మీంచి వచ్చే తేమ గాలి. అనకాపల్లి వంగతోటల్లో కాయ దక్కడమా, పుచ్చిపోవడమా అన్నది వీటి మధ్యే తేలుతుంది.

వంకాయలు ఏరేటప్పుడు చెయ్యి దానంతటదే ఒక పని చేస్తుంది. కాయను చుట్టూ తిప్పి, ముచ్చిక పక్కన బొటనవేలితో నొక్కి, చిల్లు ఉందేమోనని వెతుకుతుంది. తెల్లవారుజామున అనకాపల్లి వైపు నుంచి విశాఖ రైతు బజార్లకు చేరిన గంపల దగ్గర రోజూ వినపడే మాటలే ఇవి. “పుచ్చుల్లేవు కదమ్మా?” అని కొనేవాళ్లు అడుగుతారు. “పొద్దుటే కోసినవి తల్లీ, సూసి ఏరుకో” అంటూ అమ్మేవాళ్లు గంప ముందుకు జరుపుతారు.

ఆ చిల్లు సగం సంగతే చెబుతుంది. మనం వెతికే పెద్ద చిల్లు పురుగు లోపలికి వెళ్లిన దారి కాదు. తిని, ఎదిగి, బయటికి వచ్చేసిన దారి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లపురుగు కంటికి ఆననంత సన్నంగా ఉంటుంది. అది ముచ్చిక కింది సందులోంచి కాయలోకి దూరిపోతుంది. కాయ ఊరేకొద్దీ ఆ గాయం పూడిపోతుంది. అందుకే నిగనిగలాడే కాయను ఇంటికి తెచ్చి నాలుగు పక్షాలుగా చీరితే లోపల నల్లటి సొరంగం, దాని నిండా పెంట, చివర గులాబీ ఛాయ పురుగు కనిపిస్తాయి. చిల్లున్న కాయలో మాత్రం చాలాసార్లు పురుగు ఉండదు.

రైతులు దీన్ని మొవ్వు, కాయ తొలుచు పురుగు అంటారు. శాస్త్రనామం ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్. తెల్లటి రెక్కల మీద గోధుమ, లేత గులాబీ మచ్చలుండే ఈ చిన్న రెక్కల పురుగు రాత్రివేళ తిరుగుతుంది. ఆకుల అడుగున, లేత కొమ్మల మీద, మొగ్గల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఆరు రోజుల్లో గుడ్డు పగులుతుంది. అప్పటి నుంచి పిల్లపురుగు ఆరుబయట ఉండేది కొద్ది గంటలే. మొక్క చిన్నదైతే మొవ్వులోకి దూరుతుంది, ఆ కొమ్మ తల వాల్చేస్తుంది. కాపు మొదలయ్యాక కొమ్మను వదిలి కాయను పట్టుకుంటుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మొత్తం జీవితం 21 నుంచి 43 రోజులు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా వాతావరణం వల్ల వచ్చేదే. ఈ పురుగు వల్ల 70 శాతం దాకా దిగుబడి పోయిన సందర్భాలు పరిశోధన పత్రాల్లో నమోదయ్యాయి.

పక్కపక్కనే ఉన్న రెండు మళ్లలో ఒకదానిలో పదింట నాలుగు కాయలు పుచ్చి, రెండోదానిలో ఒక్కటే పుచ్చడం రైతులు చూస్తూనే ఉంటారు. రెండింటి మీదా తిరిగేది అదే పురుగు. తేడా మొక్కలో ఉంది, నాటిన వేళలో ఉంది, వేసిన ఎరువులో ఉంది. మందు సీసా మీద ఈ మూడింటి గురించీ ఒక్క అక్షరం ఉండదు.

చెరకు ముందే చెప్పింది

తొలుచు పురుగు అనకాపల్లికి కొత్తది కాదు. ఈ ఊరి బెల్లం మార్కెట్టు దేశమంతా ఎరిగినదే. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధన మొదలైంది. అదే ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. శారదా నది ఒడ్డున చెరకు వేసిన కుటుంబాలకు లేత పిలకలను తొలిచే పీకపురుగు సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. లేత తోట ఎండకు వాడి, తడి అందకపోతే పీకపురుగు చెలరేగుతుంది. తడి ఇచ్చి, చాళ్లలో చెరకు చెత్త కప్పి, మొదళ్లకు మట్టి ఎగదోస్తే అణుగుతుంది. వానలు పడి గడలు సాగాక కణుపులు తొలిచే పురుగు వంతు వస్తుంది. అంటే ఏ పురుగు ఎప్పుడు వస్తుందో వాన, ఎండ, మొక్క వయసు కలిసి చెబుతాయి. ఏ రకం వేస్తే తట్టుకుంటుందో వందేళ్లుగా ఇక్కడ పరీక్షించి చూస్తున్నారు. ‘విశ్వామిత్ర’ అని పేరు పెట్టిన 87ఎ298 లాంటి రకాలు ఈ నేల మీద రూపుదిద్దుకున్నవే.

ఇప్పుడు చెరకు తగ్గుతోంది. తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి విడి జిల్లా అయింది. పక్కనే పెరిగిపోతున్న విశాఖ నగరానికి రోజూ కూరగాయలు కావాలి. కాస్త నీటి వసతి ఉన్న చిన్న కమతంలో వంగ వేస్తే రెండు నెలలు దాటాక నాలుగైదు రోజులకోసారి చేతిలో డబ్బు కనిపిస్తుంది. ఏడాదికోసారి డబ్బు ముట్టే చెరకుతో పోలిస్తే పేద రైతుకు ఇది పెద్ద ఆసరా. నా బాధల్లా ఒకటే. చెరకుకు నూరేళ్లుగా దక్కిన శ్రద్ధలో పదో వంతు కూడా వంగకు దక్కలేదు. పెరటి మొక్క కదా అని వదిలేశాం. విద్య అందాల్సిన రైతుకు మందు డబ్బా అందింది.

నూగు

వంగ ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దితే గరుకుగా తగులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గరుకంతా నక్షత్రాకారపు నూగు. ఒక కాడ మీద నలుమూలలకూ చాచుకున్న సన్నటి పోగులు. కొన్ని రకాల్లో ఈ నూగు దట్టంగా, పొడవుగా ఉంటుంది. కొన్నింట్లో ఆకు నున్నగా ఉంటుంది.

పచ్చదోమకు ఈ నూగు పెద్ద అడ్డంకి. ఆకు అడుగున చేరి, తాకగానే పక్కకు పక్కకు పరిగెత్తే ఆ లేతాకుపచ్చ పురుగు రసం పీలుస్తుంది. ఈనెల కండలోకి గుడ్లు గుచ్చుతుంది. నూగు దట్టంగా ఉంటే దాని ముక్కు ఆకు దాకా చేరదు, గుడ్డు పెట్టడానికి చోటు దొరకదు. వంగను, పత్తిని, బెండను పట్టేది ఒకే జాతి పచ్చదోమ. నూగున్న పత్తి రకాలు దీన్ని బాగా తట్టుకుంటాయని పత్తి శాస్త్రవేత్తలు ఎన్నో దశాబ్దాల కిందటే గుర్తించారు. వంగలోనూ అదే తేలింది. నున్నటి ఆకున్న రకాల్లో అంచులు పసుపెక్కి, పైకి ముడుచుకుని, ఆఖరికి కాలినట్టు ఎర్రబడతాయి.

ఇంతవరకూ బాగుంది. అయితే తెల్లదోమ తీరు దీనికి పూర్తిగా ఎదురు. నూగున్న ఆకే దానికి ఇష్టం. ఆ పోగుల నీడలో దాని గుడ్లు, పిల్లలు భద్రంగా ఉంటాయి. పైగా, తొలుచు పురుగు గుడ్ల మీద బతికే ట్రైకోగ్రామా కందిరీగ చీమ తలకంటే చిన్నది. దట్టమైన నూగులో అది నడవలేదు. అంటే ఒక శత్రువును ఆపే కంచె ఇంకో శత్రువుకు ఇల్లవుతుంది, మిత్రుడికి ఆటంకం అవుతుంది. అన్ని పురుగులనూ తట్టుకునే ఆకు అంటూ ఒకటి లేదు. ఏ ఊళ్లో, ఏ కాలంలో ఏ పురుగు ఎక్కువో తెలిస్తేనే ఎలాంటి ఆకు కావాలో చెప్పగలం. ఈ ఒక్క సంగతి చాలు, రాష్ట్రమంతటికీ ఒకే రకం సిఫారసు చెయ్యడం ఎంత పొరపాటో చెప్పడానికి.

అక్షింతల పురుగు లెక్క మళ్లీ వేరు. ఎర్రటి వీపు మీద 28 నల్లచుక్కలున్న ఈ పెంకు పురుగు, ముళ్ల ఒంటితో ఉండే దాని పసుపు పిల్ల రెండూ ఆకులోని పచ్చదనాన్ని గీకి తింటాయి. చివరికి ఈనెల అల్లిక మాత్రమే మిగులుతుంది. చేత్తో ఏరి చంపగలిగిన పురుగు ఇదొక్కటే. ఆకు అడుగున పసుపుగా, గుంపుగా నిలువునా పెట్టిన గుడ్లు కనిపిస్తే ఆ ఆకు తుంచేస్తే చాలు. దీనికి కూడా మందు కొట్టే తోటలను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

బెండు, ముచ్చిక, గింజ

మొవ్వు తొలిచే పురుగుకు కావాల్సింది కొమ్మ నడిమి మెత్తటి బెండు. లేత కొమ్మను అడ్డంగా కోసి చూస్తే కొన్ని రకాల్లో బెండు విశాలంగా, చుట్టూ ఉన్న పీచు పలచగా ఉంటుంది. మరికొన్నింట్లో బెండు ఇరుకు. దాని చుట్టూ నీటిని మోసే నాళాల కట్టలు దగ్గర దగ్గరగా, గట్టిబడిన గోడలతో ఉంటాయి. ఒడిశాలో ఎన్. పాండా, ఆయన సహచరులు 1971లోనే ఈ తేడాను గమనించి, రెండో తరహా కొమ్మల్లో పురుగు నెగ్గుకురాలేదని చెప్పారు. దేశంలో ఆ తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి.

ఇక్కడే యూరియా సంగతి వస్తుంది. పొలం పచ్చగా కనపడాలని బస్తా మీద బస్తా వేస్తే కొమ్మ త్వరగా సాగుతుంది. బెండు మెత్తబడుతుంది, ఆకు రసం తియ్యబడుతుంది. పచ్చదోమకూ తొలుచు పురుగుకూ ఒకేసారి విస్తరి వేసినట్టే. పొటాష్ సరిగా అందిన మొక్కలో కణాల గోడలు గట్టిపడతాయి. రకం పుట్టుకతో ఇచ్చిన బలాన్ని ఎరువు నిలబెట్టగలదు, నీరుగార్చనూ గలదు.

కాయ దగ్గరికొస్తే, ముచ్చిక కాయను బిగించి పట్టుకున్న రకాల్లో పిల్లపురుగుకు దూరే సందు దొరకదు. ముచ్చిక వదులుగా విచ్చుకుని ఉంటే అదే దానికి వాకిలి. తోలు గట్టిగా, గుజ్జులో గింజలు కిక్కిరిసి ఉన్న కాయలో తొలచడం కష్టం. పొడవైన సన్న కాయలకంటే లావైన గుండ్రటి కాయల్లో నష్టం ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. తేలనివీ ఉన్నాయి కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోకూడదు. ఆకారంకంటే ముచ్చిక బిగువు, గింజల ఒత్తుదనం నమ్మదగిన గుర్తులని నాకనిపిస్తుంది.

కనరు

వంకాయ కూర వండే ప్రతి ఇంట్లోనూ గిన్నెడు ఉప్పునీళ్లు ముందు సిద్ధమవుతాయి. కోసిన ముక్కలు గాలికి వదిలితే నల్లబడి కనరెక్కుతాయని అందరికీ తెలుసు. ఆ కనరు ఎందుకు పుట్టిందో తెలిస్తే వంకాయ మీద గౌరవం పెరుగుతుంది.

వంకాయ గుజ్జులోని ఫినాలిక్ పదార్థాల్లో అత్యధిక భాగం క్లోరోజెనిక్ ఆమ్లం. అది కణంలో ఒక అరలో ఉంటుంది. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వేరే అరలో ఉంటుంది. కాయ క్షేమంగా ఉన్నంతకాలం రెండూ కలవవు. కత్తి దిగినా, పురుగు దవడ దిగినా అరల గోడలు తెగుతాయి. రెండూ కలుస్తాయి, గాలి తోడవుతుంది, గోధుమరంగు పదార్థాలు పుడతాయి. అవి గుజ్జులోని మాంసకృత్తులను పట్టుకుని పురుగు పొట్టలో అరగకుండా చేస్తాయి. మన నాలుకకు కనరుగా తగిలేది పురుగును ఆకలితో ఉంచడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటు. దీనికి తోడు సొలసొనిన్ లాంటి చేదు పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఫినాళ్లు, ఈ చేదు పదార్థాలు ఎక్కువగా ఉన్న రకాల్లో పుచ్చు తక్కువ. చక్కెరలు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న రకాల్లో పుచ్చు ఎక్కువ. మనకు ఏ కాయ రుచో పురుగుకూ అదే రుచి.

ఇప్పుడు మనం వంకాయలో ఏం కోరుకుంటామో గుర్తుచేసుకోండి. గుత్తివంకాయకు లేత కాయ కావాలి. గింజ ముదరకూడదు. తోలు పంటికి తగలకూడదు. కోసిన ముక్క తెల్లగా ఉండాలి. కనరు ఉండకూడదు, చేదు అసలే ఉండకూడదు. తరతరాలుగా రైతులు, ఆ తర్వాత విత్తన సంస్థలు మన కోరికను మన్నించి అలాంటి మొక్కల విత్తనమే దాచుకుంటూ, అమ్ముకుంటూ వచ్చాయి. వాటితోపాటే మొక్క ఆత్మరక్షణ ఒక్కో పొరా రాలిపోయింది. ఆ ఖాళీని ఇప్పుడు మందుతో పూడుస్తున్నాం. పుచ్చు లేని లేత కాయ కావాలని అడిగేటప్పుడు రెండు విరుద్ధమైన వరాలు ఒకేసారి కోరుతున్నామన్న సంగతి మనకు తట్టదు.

ముళ్ల విషయంలోనూ అలాంటిదే జరిగింది. వంగ ముళ్లు పురుగులను ఆపడానికి పుట్టినవి కావు, మేసే జంతువులను దూరం పెట్టడానికి పుట్టినవి. కోసేవాళ్ల చేతులు చీరుకుపోతాయి కాబట్టి మనుషులు ముళ్లు లేని మొక్కలనే ఎంచుకున్నారు. ఎల్ఓజీ అనే జన్యు కుటుంబంలో మార్పుల వల్ల వంగ ముళ్లు పోయాయని 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన చూపించింది. ముళ్లు పోవడం వల్ల పురుగు పెరగలేదు కాబట్టి అది మంచి ఎంపికే. కనరు విషయంలో అలా చెప్పలేం.

పోగొట్టుకున్న గుణాలు పూర్తిగా నాశనం కాలేదు. పొలం గట్ల మీద, రోడ్డు వారన పరుచుకునే నేలవాకుడు వంగకు దాయాదే. ఆ కుటుంబంలోని అడవి మొక్కల్లో కొన్నింటిని ఈ పురుగు ముట్టదు. వాటి నుంచి తట్టుకునే గుణాన్ని వంగలోకి తేవాలని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. సంకరాలు గొడ్డుపోవడం, చేదు వెంట రావడం అడ్డుపడుతున్నాయి. ఈ పురుగును పూర్తిగా తట్టుకుంటుందని ధైర్యంగా చెప్పి అమ్మగలిగిన మామూలు వంగ రకం నేటికీ లేదు. ఉన్నవన్నీ కాస్త ఎక్కువ, కాస్త తక్కువ తట్టుకునేవే. ఆ కాస్త తేడాను కాలాన్ని బట్టి వాడుకోవడమే రైతు చేతిలో ఉన్న విద్య.

కార్తెలు మారితే

అనకాపల్లి నూకాలమ్మకు కొత్త అమావాస్య జాతర జరిగే నాటికి ఎండ చురుక్కుమనడం మొదలవుతుంది. అప్పటి నుంచి రోహిణి కార్తె దాకా వంగతోట మీద రసం పీల్చే పురుగులది రాజ్యం. వేడి, పొడి గాలిలో ఎర్రనల్లి ఆకు అడుగున సన్నటి గూడు అల్లి వారం పది రోజులకో తరం చొప్పున పెరుగుతుంది. నీటి ఎద్దడితో మొక్క వాడితే పచ్చదోమ దెబ్బ రెండింతలవుతుంది, పీల్చిన రసాన్ని మొక్క తిరిగి పూడ్చుకోలేదు. తెల్లదోమ కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ. వీటికి సరైన మందు నిజానికి వాన. ఒక గట్టి జల్లు పడితే పచ్చదోమ పిల్లలు, పేనుబంక, నల్లి కొట్టుకుపోతాయి. సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా నీళ్లు చిమ్మినా నల్లి కొంత అణుగుతుంది.

మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే రంగం మారుతుంది. రసం పీల్చేవి తగ్గుతాయి, తొలుచు పురుగు లేస్తుంది. వానకు మొక్క కొత్త మొవ్వులు వేస్తుంది. ప్రతి మొవ్వూ మెత్తటి బెండే. గాలిలో తేమ ఉంటే గుడ్డు ఎండిపోదు, పిల్లపురుగు లోపలికి దూరేదాకా బతికి ఉంటుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కుంభవృష్టి వేరు, ముసురు వేరు. కుంభవృష్టి రెక్కల పురుగులను నేలకు కొడుతుంది, గుడ్లను, అప్పుడే పుట్టిన పిల్లలను కడిగేస్తుంది. మబ్బు పట్టి సన్నగా కురిసే ముసురు మాత్రం పురుగుకు అన్నివిధాలా అనుకూలం. కొట్టిన మందును కడిగేస్తుంది, పురుగును కడగదు. కొమ్మలోకో కాయలోకో దూరాక ఇక ఏ వానా దాన్ని తాకదు.

ఆశ్వయుజం, కార్తీకం ఈ తీరానికి తుపానుల రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతపు తోటలన్నీ దెబ్బతిన్నాయి. అలాంటి గాలివాన తర్వాత బతికి బట్టకట్టిన వంగ మొక్కలు ఒక్కసారిగా చిగురిస్తాయి. రైతు ఆనందపడే ఆ చిగురు మీదే కన్ను ఉంచాలి. తోటంతా ఒకే వయసు మొవ్వులు ఉన్నప్పుడు పురుగుకు వెతుక్కునే శ్రమ ఉండదు. మళ్లీ ఆ రోజుల్లోనే కార్తీక మాసం. ఇళ్లలో కూరగాయల వాడకం పెరిగి వంకాయకు ధర పలుకుతుంది. ధర పలికే రోజున పుచ్చు పట్టిందంటే రైతు మందు డబ్బా వైపు పరిగెత్తడం సహజం.

చలికాలం ఉత్తరాది వంగ రైతుకు ఊపిరి పీల్చుకునే కాలం. అక్కడి చలికి పురుగు ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది, జీవితకాలం 43 రోజుల వైపు సాగుతుంది. మనకు ఆ అదృష్టం లేదు. సముద్రం పక్కన ఉన్న అనకాపల్లిలో పుష్యమాసపు చలి మనుషుల చేత దుప్పటి కప్పించగలదేమో కానీ పురుగును ఆపలేదు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగిలో అదే రోజుల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. కొన్ని గంటల ప్రయాణంలోనే పురుగు లెక్క మారిపోతుంది. మైదానంలో ఏడాది పొడవునా ఎక్కడో ఒక మడిలో వంగ ఉంటుంది, ప్రతి మడిలోనూ ఏదో ఒక తరం పురుగు ఉంటుంది. తరాలు ఒకదాని మీద ఒకటి పడి ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో తెలియదు. రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగేకొద్దీ ఈ తరాల మధ్య ఎడం ఇంకా తగ్గుతుంది.

వాతావరణానికీ ఈ పురుగుకూ సంబంధం గురించిన పరిశోధనలు దేశమంతటా ఉన్నాయి. చదివితే మొదట గందరగోళంగా ఉంటుంది. ఒకచోట తేమ పెరిగితే పుచ్చు పెరిగిందంటారు, ఇంకోచోట తగ్గిందంటారు. ఒకచోట వాన మేలు, ఇంకోచోట కీడు. తప్పు ఎవరిదీ కాదు. ముసురునూ కుంభవృష్టినీ ‘వర్షపాతం’ అనే ఒకే గడిలో రాస్తే జవాబు అలాగే వస్తుంది. పైగా వాన ఎక్కువ పడిన నెలలోనే మొక్క కాపుకు వస్తే, పుచ్చు పెరగడానికి కారణం వానా, కాపా అని విడదీయడం కష్టం. అందుకే వేరే రాష్ట్రపు అంకెలు తెచ్చి అనకాపల్లికి అంటించకూడదు. ఈ గాలిలో, ఈ ఎర్రనేలల్లో, ఈ తీరపు తేమలో కొలవాలి.

ఎనభై నాలుగు సార్లు

మందు ఎందుకు ఓడిపోతోందో ఇప్పటికి అర్థమై ఉంటుంది. పురుగు బయట ఉండేది కొద్ది గంటలే. మిగతా రెండు మూడు వారాలు అది కొమ్మ గోడల మధ్యో గుజ్జు నడుమో ఉంటుంది. పైన చల్లింది లోపలికి చేరదు. చేరలేదని మళ్లీ చల్లుతారు. బంగ్లాదేశ్‌లో ఒక పంటకాలంలో 84 సార్లు దాకా మందు కొట్టిన వంగ రైతులున్నారని అక్కడి సర్వేలు నమోదు చేశాయి. మనవాళ్లు అంత కొట్టకపోవచ్చు. అయినా వంగ కోత నాలుగైదు రోజులకోసారి. మందు కొట్టాక ఆగాల్సిన గడువు చాలాసార్లు అంతకంటే ఎక్కువ. కోత ఆపితే కాయ ముదిరి ధర పోతుంది, ఆపకపోతే మందు ఆరని కాయ బజారుకు వెళుతుంది. ఈ ఇరకాటంలో రైతును నిందించి మనం తప్పించుకోలేం.

మందు చంపేవాటిలో మిత్రులే ఎక్కువ. కొమ్మలో దాగిన పురుగును వెతికి పట్టుకుని దాని ఒంట్లో గుడ్డు పెట్టే ట్రథాలా అనే కందిరీగ వంగతోటల్లో సహజంగానే ఉంటుంది. పురుగు లోపల భద్రంగా ఉండగా, బయట తిరిగే కందిరీగ మందుకు బలవుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొట్టిన తోటల్లో ఎర్రనల్లి, తెల్లదోమ మరింత చెలరేగడం కూడా తెలిసిన సంగతే.

దీనికి విరుగుడుగా వచ్చిందే బీటీ వంకాయ. నేల బ్యాక్టీరియా నుంచి తీసిన క్రై1ఏసీ జన్యువును మహికో సంస్థ వంగలో చేర్చింది. 2009 అక్టోబరు 14న కేంద్ర జన్యు ఆమోద కమిటీ సరేనంది. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నాక 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానికి విరామం ప్రకటించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అప్పట్లో తొందర వద్దంది. బంగ్లాదేశ్ 2013లో అనుమతించి, మరుసటి ఏడాది 20 మంది రైతులతో సాగు మొదలుపెట్టింది. మంచిచెడుల వాదన అలా ఉంచితే, ఆ జన్యువు గొంగళి పురుగుల మీదే పనిచేస్తుంది. పచ్చదోమ, తెల్లదోమ, నల్లి, అక్షింతల పురుగు దానికి లొంగవు. మొక్క గుణాలు, కాలం అన్న ప్రశ్న బీటీ వచ్చినా పోయేది కాదు.

ఊరంతా కలిసి చేయాల్సిన పని

సీసా లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. తల వాల్చిన మొవ్వును పురుగు ఉన్న చోటికి కాస్త కిందిదాకా తుంచి, గట్టున పారేయకుండా కాల్చేయడం లేదా లోతుగా పూడ్చేయడం అన్నిటికంటే ముఖ్యం. వారానికోసారి, కాపు మొదలయ్యేదాకా విడవకుండా చేయాలి. మొక్కకు నష్టం లేదు, పక్క కొమ్మలు వేస్తుంది. ఏరేసిన పుచ్చుకాయలను కుప్పగా వదిలినా అంతే, అందులోంచి తర్వాతి తరం లేస్తుంది.

చాలామంది పట్టించుకోని ఇంకొకటి పాత తోట కట్టెలు. కాపు అయిపోయిన వంగ మొక్కలను పీకి, పొయ్యిలోకి పనికొస్తాయని పొలం పక్కన కుప్ప వేస్తారు. ఆ ఎండు కొమ్మలు, రాలిన ఆకుల నడుమ గూడు కట్టుకున్న పురుగులు రెక్కలు తొడుక్కుని పక్క మడిలోని లేత మొక్కల మీదికి వెళతాయి. ఈ పురుగు పెద్దగా ఎగరలేదు. కుప్పను దూరంగా పెట్టడం, వల కప్పడం, తొందరగా వాడేయడం చవకైన రక్షణ.

లింగాకర్షక బుట్టలు మరో సాధనం. ఆడ పురుగు విడుదల చేసే వాసన ద్రవ్యం ఏమిటో 1980ల చివర్లో చైనా, శ్రీలంక పరిశోధకులు తేల్చారు. దాన్నే ఎరగా పెడితే మగ పురుగులు బుట్టలో పడతాయి. ప్రపంచ కూరగాయల కేంద్రం 2000 తర్వాత భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక పొలాల్లో మొవ్వులు తుంచడం, బుట్టలు పెట్టడం, మందు ఆపి మిత్ర పురుగులను బతకనివ్వడం కలిపి చేయించింది. నష్టం తగ్గింది, ఖర్చూ తగ్గింది. అయితే ఒక్క రైతు తన అరెకరంలో చేస్తే చాలదు. పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు గట్టు దాటి వచ్చి గుడ్లు పెడుతుంది. ట్రైకోగ్రామా కందిరీగలను వదిలే కార్డులను చెరకులో వాడటం ఎరిగిన ఈ జిల్లాలో ఊరుమ్మడిగా వంగకు ఇలాంటి ఏర్పాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. కొత్తిమీర అంతరపంటగా వేసినచోట పుచ్చు తగ్గినట్టు పరిశోధనలున్నాయి. విశాఖ బజారులో కొత్తిమీరకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

అన్నింటికంటే నేను గట్టిగా అడిగేది కాలానికి తగ్గ రకం. తెల్లదోమకంటే పచ్చదోమ బెడద ఎక్కువైన చోట వేసవి తోటకు నూగు దట్టంగా ఉన్న ఆకు కావాలి. వానాకాలపు తోటకు ఇరుకు బెండు, బిగువైన ముచ్చిక, గింజ కట్టిన పొడవు కాయ కావాలి. భాగ్యమతి, శ్యామల, గులాబి లాంటి మన విశ్వవిద్యాలయం రకాలు, అంగట్లోని సంకరాలు, ఇంకా ఊళ్లలో మిగిలి ఉన్న నాటు వంగలు అన్నీ ఒకేచోట మూడు కార్లలోనూ నాటాలి. కసింకోట లాంటి మైదాన మండలంలో ఒక మడి, మాడుగుల లాంటి కొండ అంచున ఇంకొకటి. ప్రతి వారం ఆకు నూగు, కొమ్మ మందం, ముచ్చిక బిగువు, వాడిన మొవ్వులు, పుచ్చిన కాయలు లెక్కపెట్టాలి. పక్కనే వాన ఎంత పడిందన్నదే కాక ఎలా పడిందో, రాత్రి వేడి ఎంతో, తేమ ఎంతో రాయాలి. రెండు మూడేళ్లు ఇలా చేస్తే అనకాపల్లి వంగ రైతుకు తనదైన పట్టిక దొరుకుతుంది. వానాకాలపు రకం కాస్త గింజగా, కాస్త కనరుగా ఉన్నా కొనే ఇళ్లు విశాఖలో ఉండాలి. ఉప్పునీళ్ల గిన్నె ఎలాగూ ప్రతి వంటింట్లోనూ ఉంది.